కొరంకె మధ్యాహ్నపు భోజనం

పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో కొరంకె తన వంటకు వంక పెట్టడం డూఫియె ఎరగదు. అలాంటిది నాలుగు నెలలుగా అతను రాత్రి భోజనం ముందు కూర్చుని, రెండు ముద్దలు మింగి, చెయ్యి కడిగేసుకుంటున్నాడు.

"ఒంట్లో బాగాలేదా?" అంటే "బాగానే ఉంది" అంటాడు.

"పులుసు బాగాలేదా?" అంటే "చాలా బాగుంది" అంటాడు. బాగున్న పులుసు గిన్నెలో అలాగే ఉండిపోతుంది.

డూఫియె మొదట పట్టించుకోలేదు. బట్టలు ఉతికే శనివారం నాడు ఆమె మనసులో పురుగు దొలవడం మొదలైంది. కొరంకె వెంచి రోడ్డులోని కర్రల మిల్లులో స్టోరుకీపరు. అతని చొక్కా మడతల్లో రంపప్పొట్టు ఉండాలి, జేబు మీద సిరా మరక ఉండాలి. ఇన్నేళ్ళూ ఆ పొట్టు దులిపి దులిపి ఆమెకు విసుగు పుట్టింది. ఇప్పుడు చొక్కా పొద్దున ఇస్త్రీ చేసి ఇచ్చినట్టే తిరిగొస్తోంది. లోపలి బనీను మాత్రం నీళ్ళలో ముంచి తీసినంత చెమటతో ఉంటోంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే అల్లం వాసన, పొగబెట్టిన చేప వాసన.

చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, చెమటలు కక్కేంతగా ఏం చేస్తున్నాడు? ఎవరింట్లో?

పక్కింటి అచియా సంతలో టమాటాలు అమ్ముతుంది. ఊళ్ళో చీమ చిటుక్కుమన్నా ఆమెకు తెలియాల్సిందే. డూఫియె విషయం కదపగానే ఆమె బుట్ట దించింది.

"మగాడికి రెండో వంటిల్లు దొరికిందంటే, దాని వెనక రెండో గది కూడా ఉంటుందే చెల్లీ. లారీ స్టేషను వెనక బిరాగో పూటకూళ్ళ పాక లేదూ? మీ ఆయన రోజూ అటే పోతున్నాడట. నేను చూళ్ళేదు. చూసినవాళ్ళు చెప్పారు."

"ఎవరు చూశారు?"

"అవన్నీ నన్నడక్కు. శుక్రవారం నాడు, ఎండ నడినెత్తికొచ్చాక వెళ్ళు. నీ కళ్ళతో నువ్వే చూసుకో."

శుక్రవారం డూఫియె చర్చికి కట్టుకునే బట్ట కట్టుకుని, తలకు గుడ్డ బిగించి బయల్దేరింది. దెబ్బలాటకు వెళ్ళినా నలుగురిలో తక్కువగా కనపడకూడదని ఆమె పట్టుదల.

పాక నిండా జనం. డ్రైవర్లు, కట్టెల బేరగాళ్ళు, మెడలో గుర్తింపు కార్డులు వేలాడుతున్న ఆఫీసు గుమాస్తాలు, సంత ఆడవాళ్ళు అందరూ ఒకే బల్లల మీద భుజాలు రాసుకుంటూ కూర్చుని తింటున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. నాలుగు పెద్ద కుండల వెనక అరవై దాటిన బిరాగో, గరిట పట్టుకుని, వచ్చిన ప్రతి మొహాన్నీ కొలుస్తోంది. డూఫియె కూడా ఆమెను కొలిచింది. ఈ ముసలావిడ కాదు. మరి ఆ గిన్నెలు అందించే పిల్లా? ఆ పిల్ల నిండు గర్భిణి. డూఫియె మనసులో నెలలు లెక్కపెట్టింది.

"కొత్త మొహంలా ఉన్నావే. ఏ ఊరమ్మా?" అంది బిరాగో.

"ఈ ఊరే."

"ఈ ఊరే అయి ఇన్నాళ్ళూ నా పాక తొక్కలేదంటే, ఇంట్లో గొప్ప వంటే ఉండుంటుంది."

ఆ మాట ఎత్తిపొడుపో, మామూలు మాటో డూఫియెకు అంతుపట్టలేదు. "మేక మాంసం వెయ్యి. పలచటి పులుసు," అని మూలనున్న బల్ల మీద కూర్చుంది. తినాలని ఆమెకు లేదు. గిన్నె ముందు పెట్టుకుంటే కాసేపు కూర్చోవచ్చు, అంతే.

మట్టి గిన్నె వచ్చింది. ఎర్రటి పులుసు మధ్యలో, ఉడికించిన దుంపలు దంచి చేసిన గుండ్రటి ఫుఫు ముద్ద, పక్కన ఎముకతో సహా మాంసం, ఉడికి విచ్చుకున్న వంకాయ ఒకటి. ఆవిరి మొహానికి తగిలింది. తినకపోతే అనుమానిస్తారని చెయ్యి కడుక్కుని వేలితో కొంచెం తుంచింది. ముద్ద ఎక్కడా ఉండ కట్టలేదు, వేళ్ళకు అంటలేదు. పులుసులో ముంచి మింగింది. అల్లం ఘాటు ముందు తగిలి, వెనకాల పచ్చి టమాటా పులుపు నెమ్మదిగా వచ్చింది. ఇంకో ముద్ద తుంచింది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది, ముక్కు కారింది. సగం గిన్నె ఖాళీ అయ్యాక గానీ తను ఎందుకు వచ్చిందో గుర్తు రాలేదు. తన మీద తనకే కోపం వచ్చింది. నాలుగు నెలలుగా మొగుణ్ణి కట్టిపడేసిన కూడు ఇదే, ఇప్పుడు తనని కూడా లాగుతోంది. ఇందులో ఏం కలిపిందో ఈ ముసల్ది.

అప్పుడు వినపడింది. తడిక వెనక నుంచి రోకలి పోటు. పోటుకీ పోటుకీ మధ్య ఒక ఆడమనిషి నవ్వు, దానికి జవాబుగా ఒక మగ గొంతు దగ్గు. సిగరెట్లు మానేసి పదేళ్ళయినా వదలని ఆ దగ్గు పక్కన పంతొమ్మిదేళ్ళు పడుకుంది డూఫియె.

గిన్నె వదిలి లేచింది. తడిక దగ్గరకు వెళ్ళేసరికి బిరాగో గరిటెతో సహా అడ్డం వచ్చింది.

"అటెక్కడికి?"

"చెయ్యి కడుక్కోవాలి."

"చెయ్యి కడిగే నీళ్ళు ముందరే ఉన్నాయి. పోయినేడు ఒకావిడ ఇలాగే మంచి బట్ట కట్టుకుని వచ్చి, అదీ ఇదీ అడిగి, నా వంటిల్లంతా చూసి పోయింది. నెల తిరక్కుండా రోడ్డవతల పాక వేసింది. నువ్వెవరి మనిషివి?"

తడిక సందులోంచి డూఫియెకు కనపడింది. కొరంకె ఒంటి మీద బనీను మాత్రమే ఉంది. రెండు చేతులా నిలువెత్తు రోకలి ఎత్తి వేస్తున్నాడు. ఎదురుగా పీట మీద ముప్ఫయ్యేళ్ళ ఆడది కూర్చుని, పోటు పోటుకీ ముద్దను రోట్లో ఎగదోస్తోంది. చొక్కా గోడకు మేకుకు వేలాడుతోంది.

"ఆ రోకలి పట్టుకున్నవాడి మనిషిని," అంది డూఫియె.

బిరాగో గరిట దించింది.

"నీకు చెప్పలేదా? మిల్లు వాళ్ళు ఐదుగురిని ఇంటికి పంపేశారు, నీ మొగుడితో సహా. ఒకరోజు ఇక్కడికి తినడానికి వచ్చాడు. దంచేవాడు ఆ వారమే మానేశాడు. నేను దంచనా అని అడిగాడు. చేతులు చూసి నవ్వాను. ఇప్పుడు చూడు ఆ చేతులు."

"ఆ ఎదురుగా కూర్చున్నదెవరు?"

"పొమా. నా చెల్లెలి కూతురు."

"పెళ్ళయిందా?"

"అయింది. వాడు వదిలేసి పోయాడు."

ఈ జవాబు డూఫియెకు నచ్చలేదు. బిరాగోను తప్పించుకుని లోపలికి నడిచింది. ఆమెను చూడగానే కొరంకె రోకలి గాల్లోనే ఆగిపోయింది.

"ఆపావేం అన్నా? బయట పదిమంది కూర్చున్నారు," అని తలెత్తిన పొమా, కొత్తమనిషిని చూసి నోరు మూసుకుంది.

"లే తల్లీ. నేను కూర్చుంటా," అంది డూఫియె.

పొమా తన పెద్దమ్మ వైపు చూసి, చెయ్యి తుడుచుకుంటూ లేచింది. డూఫియె బట్ట పైకి దోపుకుని పీట మీద కూర్చుని, చెయ్యి తడి చేసుకుని రోట్లో పెట్టింది.

"వద్దు డూఫియె. దెబ్బ తగులుతుంది."

"దంచు. ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా రోకలి ముట్టావా నువ్వు? ఎలా దంచుతావో నేనూ చూస్తాను."

రోకలి పడింది. ఆమె చెయ్యి తీసింది, ముద్ద మడిచింది, మళ్ళీ తీసింది. అతను పొమాకు వేసినంత వేగంగా వెయ్యడం లేదు. ఆమె చెయ్యి బయటికొచ్చిందో లేదో చూసుకుని మరీ వదులుతున్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగు నెలలు దాటింది."

"నాకెందుకు చెప్పలేదు?"

నాలుగైదు పోట్లు పడ్డాయి. "చర్చిలో నువ్వు ముందు బెంచీలో కూర్చుంటావు. స్టోరుకీపరు గారి భార్యనని నువ్వు చెప్పుకోవడం ఎన్నిసార్లు విన్నానో."

డూఫియె ముద్దను గట్టిగా మడిచింది. అది నిజమేనని ఆమెకు తెలుసు. అయినా మెత్తబడకూడదని పళ్ళు బిగించింది.

"ఆ పిల్లతో ఏంటా నవ్వులు?"

"మాట్లాడుకోకపోతే లయ తప్పుతుంది. లయ తప్పితే ఆ పిల్ల వేళ్ళు నలుగుతాయి."

"ఏం మాట్లాడుకుంటారు?"

"వాళ్ళాయన్ని తిడుతుంది. నేను తాళం వేస్తాను."

ఆమె అది సగమే నమ్మింది. తడిక పక్కన నిలబడ్డ పొమాను ఎగాదిగా చూసింది. పొమా కూడా చూపు తిప్పుకోలేదు.

జనం పలచబడే సరికి మూడయింది. బిరాగో ఒకే పెద్ద గిన్నెలో ఇద్దరికీ సరిపడా వడ్డించి వెనక బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. కొరంకె మోచేతుల దాకా కడుక్కుని వంగి తినసాగాడు. అరచేతుల్లో కాయలు కాసి, కొన్ని పగిలి ఉన్నాయి. అతను అలా ఆకలిగా తినడం డూఫియె చాలా రోజులకు చూసింది. తనూ చెయ్యి పెట్టింది.

"నా పులుసు కంటే ఇది బాగుందా?"

అతను మింగడం ఆపాడు. "ఏం చెప్పమంటావు?"

"నిజం చెప్పు. అబద్ధాలతో నా కడుపు నిండింది."

కొరంకె గిన్నెలోకి చూస్తూ, "ఇదే బాగుంది," అన్నాడు.

డూఫియెకు ఒళ్ళు మండింది. ఉద్యోగం పోయిన సంగతి దాచినందుకు కూడా అంత మండలేదు. కానీ నాలుగు నెలల్లో అతను చెప్పినవాటిలో ఆ ఒక్క మాటను ఆమె వెంటనే నమ్మింది. మాంసం ముక్క అతని వైపు తోసి, వంకాయ తను తీసుకుంది.

ఆ ఆదివారం చర్చిలో ఎవరో "మీవారి మిల్లు ఎలా ఉంది?" అంటే, "మానేశాడు. బిరాగో పాకలో ఫుఫు దంచుతున్నాడు. వెళ్ళి తినండి, బాగుంటుంది," అని గబగబా చెప్పేసి కూర్చుంది. చెప్పాక చాలాసేపు చెవులు వేడెక్కి ఉన్నాయి.

తర్వాత శుక్రవారం నుంచి, సంత రద్దీ ఎక్కువగా ఉండే రోజుల్లో, రోటి దగ్గర పీట మీద ఆమే కూర్చుంటోంది. పొమాను గిన్నెల దగ్గరకు మార్చారు. "మొగుడికి కాపలా కాస్తున్నావా?" అని అచియా అడిగితే, "అవును," అంటుంది డూఫియె. మధ్యాహ్నం మూడింటికి ఆ బల్ల మీద దొరికే వేడి పులుసు గురించి మాత్రం అచియాకు చెప్పదు.