నీడలో నలభై నాలుగు

"పై గదిలో ఉడికిపోతున్నాను అన్నయ్యా, కుట్టుమిషను కింద ముందుగదిలో వేసుకుంటాను" అని చెల్లెలు పోయిన వేసవి నుంచీ అడుగుతూనే ఉంది. అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే పాట: "వేడంతా నీ బుర్రలో ఉందమ్మా. పైన గాలి ఎంత బాగా వస్తుందో!" ఆ గాలి ఏపాటిదో ఒక్క మధ్యాహ్నమైనా మేడెక్కి చూసిన పాపాన పోలేదు. ముందుగది మాత్రం ఎప్పుడో రాబోయే చుట్టాల కోసం ఏసీతో సహా తాళం వేసుకుని కూర్చుంది.

మొగుడితో తెగతెంపులు చేసుకుని అన్నయ్య పంచన చేరింది కదా, రేకుల కప్పు కింద వీధివాళ్ల బట్టలు కుట్టుకుంటూ నోరు మూసుకోవాలి కాబోలు. మూసుకుంది కూడా, పళ్లు నూరుకుంటూ.

ఈలోగా అన్నయ్య వాతావరణ యంత్రం కొన్నాడు. వైర్లు అక్కర్లేదట. తెర హాల్లో గోడకి, తెల్లటి డబ్బా ఆరుబయట. డబ్బా వేడి, తేమ కనిపెట్టి గాల్లోంచే తెరకి కబురు పంపుతుంది. బ్యాటరీలు వేసి, అవి రెండూ కలిసేదాకా బటన్లు నొక్కి నొక్కి, చంటిపిల్లాడిలా సంబరపడ్డాడు.

"దీన్ని పైన తగిలించు. ఎండ తగలకూడదు, నీడలో ఉండాలి. తెలిసిందా?"

"నువ్వే ఎక్కి తగిలించొచ్చుగా?"

"ఈ ఎండలోనా? మాడిపోనూ!"

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. డబ్బా పట్టుకుని మేడెక్కింది. అంత డాబా మీదా పిడికెడు నీడ లేదు. ఉన్న నీడల్లా ఆమె గదిలోదే. మిషను పక్కన మేకుకి తగిలించి పనిలో పడింది.

మర్నాడు మధ్యాహ్నం తెర మీద నలభై నాలుగు. "బయట నలభై నాలుగు! ఎవరూ గడప దాటొద్దు" అని అన్నయ్య వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఎదురింటి లాయరు ఊరుకుంటాడా? గడప దాటి మరీ వచ్చాడు.

"ఏమిటండీ మీ గోల? నా ఫోనులో ముప్ఫై ఏడే!"

"మీ ఫోనుదంతా గాలి లెక్క. నాది నా ఇంటి మీదున్న యంత్రం. అబద్ధమైతే సగం మీసం తీయించుకుంటా!"

"నలభై నాలుగులో మనిషన్నవాడు బతుకుతాడా?"

"బతకడండీ! అందుకేగా హెచ్చరించింది!"

మంచినీళ్ల కోసం దిగొచ్చిన చెల్లెలు మెట్ల దగ్గరే ఆగిపోయింది. చెమటకి బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి.

"ఆ డబ్బా బయట లేదన్నయ్యా. నా గదిలో ఉంది."

లాయరు చూపు అన్నయ్య మీసం మీదికి పోయింది.

"గదిలో ఎందుకు పెట్టావే?"

"నీడలో పెట్టమన్నావు. పైన నీడంటే నా గదే."

అన్నయ్య మీసం తడుముకున్నాడు. తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "సరేలే, ఎండ తగ్గాక మిషను దింపిద్దాం. ఇంత వేడని నాకేం తెలుసు?" అంటూ ముందుగది తాళంచెవి తీశాడు.

అడిగింది దొరికింది. సంతోషించాలి. కానీ ఆమె కోపం రెట్టింపైంది.

"ఏం తెలుసా? నోరు నొప్పెట్టేలా చెప్పాను. తోడబుట్టినదాని మాట నమ్మలేదు. నిన్నగాక మొన్న కొన్న డబ్బా చెబితే ఒక్క పూటలో నమ్మేశావు!"

తాళంచెవి లాక్కుని, ముందుగది తలుపు తీసి, ఏసీ వేసుకుని కుర్చీలో కూర్చుంది.

"మిషను నువ్వే దించుకురా. ఇప్పుడే. ఎండ తగ్గాక కాదు."

హాల్లో తెర మీద నలభై నాలుగు కాస్తా నలభై అయిదైంది. అన్నయ్య మెట్లెక్కాడు.