డోరీన్ వంటింటి ఇంగ్లీషు

"బట్టలారేసే స్టాండుని మీ ఊళ్ళో ఏమనేవారమ్మా?" అని హెలెన్ అడిగింది. డోరీన్ సోఫాలో నిటారుగా కూర్చుని, రేడియోలో వార్తలు చదివినట్టు, "డ్రయింగ్ ర్యాక్" అంది. హెలెన్ మొహం వాడిపోయింది. నేను వాళ్ళ తువ్వాళ్ళు మడతపెడుతూ పెదవి కొరుక్కున్నాను. మెయిడెన్! నాతో రోజూ మెయిడెన్ అనే అంటుంది కదా.

కువైట్‌లోని అహ్మదిలో మావి పక్కపక్క ఇళ్ళు. హెలెన్ ఆయిల్ కంపెనీలో ఇంజనీరు, డోరీన్ ఆమె తల్లి. పుట్టింది ఇంగ్లండులో లాంకషైర్ పల్లెలో. హెలెన్ ఉద్యోగం గడువు తీరింది, గురువారం ఇద్దరూ వెళ్ళిపోతున్నారు. అక్కడి యూనివర్సిటీ ఏదో ఆ ప్రాంతపు పాత ఇంటిమాటలు పోగుచేస్తోందట, ఈ వారంతో ఆఖరట. అందుకని హెలెన్ ఫోను బల్లమీద పెట్టి తల్లి గొంతు రికార్డు చేస్తోంది. ఆమె గొంతులోంచి ఆ మాటలు తప్ప అన్నీ వస్తున్నాయి.

ఎందుకు రావో నాకు తెలుసు. ఒకరోజు బఠాణీలు ఒలుస్తూ తనే చెప్పింది. "బ్యాంకు మేనేజరు పెళ్ళానివి, సరిగ్గా మాట్లాడు" అనేవాడట మొగుడు. కూతురి ముందు ఆ మాటలు రానిచ్చేవాడు కాదట. నాకు నవ్వొచ్చింది. మా ఆయన కూడా హైదరాబాదు ఇంజనీర్లు భోజనానికొచ్చినరోజు, నేను అన్నం వార్చే జిబ్బి అడిగితే, "మావిడవన్నీ మోటు మాటలండీ, పట్టించుకోకండి" అన్నాడు. ఎక్కడి లాంకషైరు, ఎక్కడి కోనసీమ! ఇద్దరు మొగుళ్ళూ ఒకే బడిలో చదివినట్టున్నారు. ఏది మోటో ఏది నాజూకో నాకు తెలీదు కాబట్టే డోరీన్ నా దగ్గర హాయిగా వాగేది. అవే అసలు ఇంగ్లీషనుకుని నేర్చుకున్నాను.

ఈ పూటా బయల్దేరుతుంటే ఆయన హెచ్చరించే పంపాడు. "ఊరగాయ సీసాల లేబుళ్ళు సదివి నేర్సుకున్న ఇంగ్లీషు నీది. అక్కడ నోరిప్పమాక." ఇప్పలేదు. కానీ గురువారం దగ్గరపడుతోంది. వెళ్ళిపోయేవాళ్ళ ఎదుట నిలబడటం నాకు చేతకాదు. అమ్మాయి కాపురానికి వెళుతున్నప్పుడు దొడ్లో దాక్కున్నాను. తమ్ముడు పడవెక్కుతుంటే పొయ్యి ఊదుతూ కూర్చున్నాను. ఇప్పుడు డోరీన్. ఆమె వెళితే నాకు మిగిలేవి ఆ మాటలే. అవి ఆ ఫోనులోకి ఎక్కకపోతే మా ఇద్దరు ముసలివాళ్ళతోపాటు మట్టిలో కలుస్తాయి.

హెలెన్ నిట్టూర్చి, రికార్డింగు ఆపేద్దామని ఫోను అందుకోబోయింది. నేను లేచాను. "డోరీన్, సైడ్ ద పాట్స్?" అన్నాను. ఎంగిలి గిన్నెలు తీసేద్దామా అని.

డోరీన్ కళ్ళు మెరిశాయి. "పద, లవ్!" అని లేచింది. వంటింట్లోకి రాగానే నోటికి కట్టిన గుడ్డ ఎవరో విప్పినట్టయింది. "నాగీ, ఆ కప్పులు స్లాప్‌స్టోన్‌లో పడెయ్! అయ్యో, మెయిడెన్ నిండిపోయిందే!" స్లాప్‌స్టోనంటే సింకు. నేను "మా ఊళ్ళో వీటిని అంట్లంటారు, తోమే పీచు కొబ్బరిది" అంటుంటే, తను "అంట్లు, అంట్లు" అని పాటలా అందుకుంది. హెలెన్ ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఓ కంట నవ్వుతూ ఓ కంట ఏడుస్తోంది.

అంతలో మా ఆయన తలుపు తోసుకుని వచ్చాడు. "ఇదిగో, టీ ఏదీ?" అని, ఫోను చూసి ఖంగుతిన్నాడు. "నీ గొంతు కూడా పడిందా ఏంటి? సారీ మేడమ్, సారీ. ఆవిడ మాటలు కట్ చేసెయ్యండి."

హెలెన్ నావైపు చూసింది. "తీసెయ్యమంటారా, నాగీ?"

"వద్దు" అన్నాను. "ఒక్క గొంతయితే పాఠం. రెండుంటేనే కబుర్లు."

డోరీన్ సబ్బు చేత్తో నా భుజం నొక్కింది. నేను మా ఆయన వైపు తిరిగాను.

"ఏవండీ, ఇంకా పడగ్గది మాటలు ఉండిపోయాయి. గురువారం ఆవిడ కారెక్కేదాకా నేనిక్కడే ఉంటాను, దగ్గరుండి సాగనంపుతాను. టీ మీరే పెట్టుకోండి. ఆ చేత్తోనే మాక్కూడా పట్రండి. ఆవిడ పంచదార వేసుకోదు."