ఫ్రీజర్‌లో బంగాళాదుంపలు

జలవిద్యుత్ కేంద్రం వచ్చాక ఉత్తర కెనడాలోని మా డెనె ఆదివాసీ పల్లెలకు కరెంటొచ్చింది, సరస్సులో చేపలు పోయాయి. పరిహారంగా ఆ కరెంటు కంపెనీ మహానుభావులు ఇంటికో ఫ్రీజర్ పంచారు. ఆరు నెలలు మంచులో కూరుకుపోయే ఊరికి ఫ్రీజర్లు!

ఈ శీతాకాలం గ్రాంట్ అనే కంపెనీ ఆఫీసరు వాటి ఫోటోలు తీయడానికి దిగాడు. ఫిలొమీన్ అత్త వరండాలో ఫ్రీజర్ మూత ఎత్తి తెల్లబోయాడు. లోపల దుప్పటి చుట్టిన బంగాళాదుంపలు.

“ప్లగ్గు పెట్టలేదేంటండీ?”

“పెడితే దుంపలు గడ్డకట్టి చావవూ? బయటి చలి తగలకుండా దాచుకోడానికే పనికొచ్చింది నాయనా, నీ డబ్బా.”

“ఫోటో కోసం ఒక్క చేపైనా పెట్టండి.”

“సరస్సు మీరే తీసుకున్నారుగా, వెళ్ళి పట్టుకురా. ముందా మూత వెయ్యి, దుంపలకి చలేస్తోంది.”