చప్పుడు లేని బండి

దొరువుపాళెంలో ఆటో కోసం రోడ్డు మీద నిలబడే అలవాటు ఎవరికీ లేదు. షావలి డీజిలు ఆటో ముత్తుకూరు రోడ్డు వదిలి రొయ్యల గుంటల మలుపు తిరిగిందంటే చాలు, ఆ దడదడ పాళెమంతా వినపడేది. అప్పుడు పొయ్యి మీద పాలు దించి, జుట్టు ముడేసుకుని, చెప్పులు వెతుక్కుని, తలుపుకు తాళం పెట్టి బయటికొస్తే సరిగ్గా బండి తూము దగ్గర ఆగేది. చప్పుడు విన్నాక ఇంకెంత పని చేసుకోవచ్చో ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఇంట్లో గడియారం ఆగిపోతే నెలల తరబడి అట్లాగే వదిలేసేవాళ్ళు గానీ, షావలి ఆటో రాని రోజు మాత్రం ఎవరికీ పనులు తెమిలేవి కావు.

ఆ చప్పుడుకు అంత విలువుందని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. షావలి అసలే అనుకోలేదు. అతనికి తెలిసిందల్లా ఆ బండి తాగే డీజిలు. పొద్దస్తమానం తోలి ఇంటికొచ్చేసరికి సంపాదనలో సగం బంకులోనే ఉండిపోయేది. రేటు పెరిగినప్పుడల్లా చార్జీ పెంచుదామంటే ఎక్కేవాళ్ళంతా కూలికి పోయే ఆడవాళ్ళు, అడగడానికి నోరు రాదు. కాంట్రాక్టులు చేసే నరేంద్రబాబు అంతటివాడే పెట్రోలు రేటు చూసి కారుకు గుడ్డ కప్పి పెట్టాడు. పెళ్ళిళ్ళకు తప్ప దాన్ని బయటికి తీయడు. మిగతా రోజుల్లో ఎవరూ గుర్తుపట్టకూడదని తలకు తువ్వాలు చుట్టుకుని షావలి పక్కన ఇరుక్కుని కూర్చుంటాడు. ఇప్పుడు ఆ తువ్వాలును గుర్తుపట్టనివాళ్ళు ఊళ్ళో లేరు.

చివరికి షావలి డీజిలు బండిని ముత్తుకూరులో ఉండే పెంచలకృష్ణకు అమ్మేసి, బ్యాంకు అప్పు మీద కరెంటు ఆటో తెచ్చుకున్నాడు. రాత్రి కిటికీలోంచి వైరు లాగి పెడితే తెల్లారేసరికి బండి సిద్ధం. కరెంటు ఉంటే గనక. థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు ప్రతి ఇంటి వాకిట్లోంచీ కనపడతాయి, దేశానికంతా కరెంటు అక్కణ్ణుంచే పోతున్నట్టుంటుంది, ఇక్కడ మాత్రం గాలి గట్టిగా వీస్తే దీపాలుండవు. అయినా షావలి భార్య మెహబూబున్నీసాకు కొత్త బండి నచ్చింది. చొక్కాలకు డీజిలు కంపు పోయిందని నలుగురికీ చెప్పుకుంది.

మొదటి రోజు షావలి బండికి పూలదండ వేసుకుని తూము దగ్గరికొచ్చి ఆగాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. అడ్డంగా పడుకున్న కుక్క కూడా లేవలేదు, దాన్ని తప్పించి పోవలసి వచ్చింది. కాసేపు చూసి, ఈరోజు ఎవరికీ పని లేదేమోననుకుని వెళ్ళిపోయాడు. అతని వెనకే దడదడమంటూ పెంచలకృష్ణ వచ్చాడు. ఆడవాళ్ళు పాలు దించి, జుట్టు ముడేసుకుని, తాళాలు పెట్టి వచ్చి ఎక్కారు. కూర్చున్నాక చూస్తే తోలేవాడు షావలి కాదు. ఎక్కినవాళ్ళు దిగుతారా, ఎవరైతేనేం పదమన్నారు.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఇదే. షావలి అమ్మిన బండే షావలి గిరాకీని ఎత్తుకుపోతోంది. పైగా, పిలవకుండా ఆగకుండా పోతున్నాడనీ, కొత్త బండి రాగానే కళ్ళు నెత్తికెక్కాయనీ ఊళ్ళో మాట పుట్టింది. కుట్టు మిషను కొట్లో పని చేసే కామాక్షి ఆ మాట అతని మొహానే అనేసింది. అతను వచ్చాననీ, తూము దగ్గర ఆగాననీ చెబితే నమ్మలేదు. వస్తే వినపడదా అంది.

హారన్ కొట్టి చూశాడు. పోర్టు లారీలు పగలూ రేయీ హారన్లు మోగించే చోట హారన్‌కు తలెత్తేవాళ్ళెవరు? ఇంకొంచెం గట్టిగా నొక్కితే తూము పక్కింటి పద్మనాభయ్య బయటికొచ్చి, నిద్రపోతున్న పసిబిడ్డ లేచిందని తిట్టిపోశాడు. ఉల్లిపాయల వ్యానుకు ఉన్నట్టు మైకు తగిలించమని మెహబూబున్నీసా సలహా ఇచ్చింది. అది కుదరదంటే, దేవుడు నోరిచ్చాడు కదా, దిగి ఒక్క కేక వేస్తే పోయేదేముందంది. అంత చిన్న మాటకు షావలి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఎందుకు లేచాడో ఆమెకు తెలుసు. తెలిసే అంది.

షావలి తండ్రిని ఊరూరా ఉప్పు సిలారు అనేవాళ్ళు. సైకిలుకు రెండు మూటలు కట్టుకుని, పాళెంలో అడుగు పెట్టకముందే గట్టు మీద నుంచి కూత అందుకునేవాడు. కడుపులోంచి లేచి, మధ్యలో సాగి, చివర తెగిపోయే కూత. "ఉప్పో...ఓయ్" అంటే ఎదురుగాలిలో కూడా చివరి ఇంటి దాకా పోయేది. ఆడవాళ్ళు గిన్నెలు తెచ్చి, వడ్లు పోసి ఉప్పు కొలిపించుకునేవాళ్ళు. బళ్ళో అయ్యవారు షావలి పేరు పిలవడం ఆలస్యం, వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు "ఉప్పోయ్" అనేవాడు. బడంతా నవ్వేది. షావలి బడి మానేశాడు గానీ ఆ నవ్వు అతన్ని మానలేదు. ఎవరి గడప ముందూ నిలబడి అరవకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. ఆటో కొన్నప్పుడు అతనికి బాగా నచ్చిన సంగతి కూడా అదే. తను నోరు విప్పక్కర్లేదు, అరిచే పనంతా ఇంజనే చూసుకుంటుంది. తండ్రి పోయిన రోజు ఏడుస్తూనే, ఇక ఆ కూత వినక్కర్లేదనుకున్నాడు. అలా అనుకున్నందుకు తర్వాత చాలాకాలం కుమిలాడు.

ఇట్లా ఉండగా చెంచమ్మ కంటి ఆపరేషను రోజొచ్చింది. చెంచమ్మ ఒకప్పుడు ఉప్పుమడుల్లో కూలి చేసిన ముసలామె. రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మి, మనిషి ఎదురుగా నిలబడితే నీడలాగా తెలుస్తుందంతే. కోడలు తెల్లారకముందే రొయ్యల ఫ్యాక్టరీ బస్సెక్కిపోతుంది. నెల్లూరు కంటి ఆసుపత్రి వ్యాను ఆరోజు ముత్తుకూరుకొచ్చి పేరు రాయించుకున్నవాళ్ళను తీసుకుపోతుంది. అది తప్పితే మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు. వ్యాను దాకా తను చేరుస్తానని షావలి కోడలికి మాటిచ్చాడు. బండి మారిందని కూడా అవ్వకు చెప్పాడు.

"బండేదైతే ఏందిరా, తోలేది నువ్వే గదా. చప్పుడు వినపడంగానే వచ్చేస్తాలే" అందామె. హారన్ కొడితే చాల్లే అనుకున్నాడు షావలి.

ఆరోజు పొద్దున షావలి పెందలాడే వచ్చి తూము దగ్గర ఆగాడు. ఎవరూ లేరు. పద్మనాభయ్య ఇంటివైపు చూస్తూ హారన్ ఒక్కసారి మెల్లగా నొక్కాడు. చెంచమ్మ ఇల్లు ఇసుక సందులో నాలుగిళ్ళ అవతల, మలుపు తిరిగాక ఉంది, బండి పోదు. దిగి నడిచిపోయి, వాకిట్లో నిలబడి పిలవాలి. షావలి ఒక కాలు కింద పెట్టాడు. సందులో అందరి తలుపులూ వరసగా కనపడ్డాయి, తండ్రి కూతకు ఒకప్పుడు గిన్నెలతో తెరుచుకున్న తలుపులే. కాలు మళ్ళీ లోపలికి తీసుకున్నాడు. అవ్వ కూడా అందరిలాగే పెంచలకృష్ణ బండెక్కి పోయుంటుందనుకున్నాడు. అనుకోగానే మనసు చివుక్కుమంది. ఆ రోషం అడ్డం పెట్టుకుని బండి తిప్పేశాడు.

ముత్తుకూరులో వ్యాను నిలబడి ఉంది. ఎక్కినవాళ్ళలో చెంచమ్మ లేదు. టీ కొట్టు దగ్గర పెంచలకృష్ణ తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. అవ్వను ఎక్కడ దించావని షావలి అడిగాడు.

"నేను పాళెం పోలేదన్నా ఇయ్యాళ. రాత్రి డీజిలు మళ్ళా పెంచినారు. పొద్దున ట్రిప్పుకు వచ్చేదంతా డీజిలుకే పోతా ఉండాది. మానుకున్నా."

ఇంకో మనిషి వస్తోంది, కాస్త ఆగమని షావలి వ్యాను డ్రైవరును బతిమాలి, బండిని వచ్చిన దారినే పరిగెత్తించాడు. కొత్త బండి ఎంత వేగంగా పోగలదో అతనికి ఆరోజే తెలిసింది.

తూము దగ్గర కామాక్షి నిలబడి ఉంది. రెండు బండ్లలో ఒక్కటీ రాలేదని కోపంగా ఉంది. చెంచమ్మ ఇంటికి తాళం ఉందంది.

"అవ్వ ఇంతసేపూ గడప మీదనే చెవులు పెట్టుకోని కూర్చోనుండె. ఏ బండీ వినపళ్ళేదని ఉప్పుమడుల గట్టు మీద నడుచుకుంటా పొయింది. వద్దంటే వింటదా? ఒకప్పుడు రోజూ నడిచిన దోవే అనింది" అని, "నువ్వెందుకు రాలేదన్నా?" అని అడిగింది.

"వచ్చినా" అన్నాడు షావలి. ఆ మాట అతనికే అబద్ధంలాగా వినపడింది.

ఆ గట్టు అవ్వ నడిచిన కాలపు గట్టు కాదు. తుఫాన్లకు రెండు మూడు చోట్ల తెగిపోయింది, తెగినచోట ఉప్పుటేరు నీళ్ళు లోతుగా నిలిచాయి. షావలి బండి వదిలి గట్టు మీద పరిగెత్తాడు. రెండు పాయలుగా చీలినచోట ఆగిపోయాడు. ఒకవైపు మడులు, ఒకవైపు ఉప్పు కుప్పలు, ఎటు చూసినా మనిషి అలికిడి లేదు. చెంచమ్మవ్వా అని అరిచాడు. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి ఆ మాటను అతని నోట్లోకే కుక్కింది. ఇంకోసారి అరిచాడు, గొంతు చీలింది. జీవితమంతా అరవనివాడికి ఒక్కసారిగా అరుపెక్కడినుంచి వస్తుంది?

అతని గొంతుకు తెలిసిన కేక ఒకటే ఉంది. సైకిలు మీద తండ్రి వెనక కూర్చున్న రోజుల్లో, వీపుకు చెవి ఆనించి విన్నది. ఆ క్షణాన సిగ్గూ గుర్తు రాలేదు, ఒట్టూ గుర్తు రాలేదు.

"ఉప్పో...ఓయ్!"

గాలి దాన్నేమీ చేయలేకపోయింది. కుప్పల మీదున్న కొంగలు లేచాయి. రెండోసారి అన్నాక కుడివైపు కుప్ప అవతలినుంచి జవాబొచ్చింది.

"ఎవుర్రా అది? సిలారు పొయ్యి శానా ఏండ్లాయె గదరా."

చెంచమ్మ గట్టు తెగినచోట నిలబడి కర్రతో ముందున్న నీళ్ళను పొడిచి చూస్తోంది. ఇంకో అడుగుకు నేల లేదు. షావలి వెళ్ళి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"నేనవ్వా, షావలిని."

"నువ్వా" అందామె. "మరి ఇంతసేపూ నోరెందుకు మూసుకోనుండావురా?"

షావలి అవ్వను గట్టు దాటించి, బండెక్కించి, ముత్తుకూరు చేర్చాడు. వ్యాను డ్రైవరు సణుక్కుంటూనే ఆగి ఉన్నాడు.

మర్నాడు పొద్దున తూము దగ్గర షావలి బండి దిగి నిలబడ్డాడు. ముత్తుకూరోయ్ అని మొదలుపెట్టి చూశాడు గానీ అది తూము కూడా దాటలేదు. ఇంక లాభం లేదని రొమ్ము నిండా గాలి పీల్చి తండ్రి కూతే కూశాడు. పాళెంలో పాలు దిగాయి, జుట్టు ముడులు పడ్డాయి, తాళాలు పడ్డాయి. ఆడవాళ్ళు నవ్వుకుంటూ వచ్చారు. నరేంద్రబాబు తువ్వాలు లేకుండానే వచ్చాడు, చుట్టుకునే టైము చాలలేదట. పద్మనాభయ్య తలుపు తీసి చూసి ఏమీ అనకుండా వేసుకున్నాడు. బడికి పోయే పిల్లలు వెనక నుంచి "ఉప్పోయ్, ఉప్పోయ్" అన్నారు. షావలికి సిగ్గు వేయలేదు. వేస్తుందేమోనని కాసేపు చూసుకున్నాడు కూడా.

డీజిలు రేటు ఆ తర్వాతా తగ్గలేదు. పెంచలకృష్ణ రావడం తగ్గించి, ఒకరోజు కరెంటు బండికి అప్పు ఏ బ్యాంకులో ఇస్తారని వచ్చి అడిగాడు. షావలి తీసుకుపోయి మేనేజరుకు చూపించాడు. వస్తూ వస్తూ, బండి కొనకముందు ఏదైనా కూత నేర్చుకోమని చెప్పాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్ళకు, కట్టు విప్పి నల్లకళ్ళద్దాలు పెట్టిన చెంచమ్మ కూత విని తనంతట తనే తూము దగ్గరికి నడిచొచ్చింది. చేతిలో గిన్నె ఉంది. బండిని చుట్టూ తిరిగి చూసింది. తర్వాత అద్దాలు పైకెత్తి షావలి మొహాన్ని దగ్గరగా చూసింది.

"గొంతు ఒకటే అనుకుంటి. మొగం గూడా ఆయందే" అని, గిన్నె ముందుకు చాపింది. "ఉప్పెయ్యి."

లేదవ్వా అన్నాడు షావలి.

"లేకపోతే ఎందుకరుస్తా ఉండావు?"

బండిలో వాళ్ళంతా నవ్వారు, షావలి కూడా నవ్వాడు. ఆరాత్రి ఆ సంగతి చెబుతుంటే మెహబూబున్నీసా మధ్యలోనే లేచి, స్టూలు వేసుకుని, అటక మీద నుంచి మామ కొలత డబ్బా దించింది. తుప్పు పట్టిన చోట చింతపండు పెట్టి తోమింది. మర్నాడు షావలి బయల్దేరేటప్పుడు సీటు వెనక ఉప్పు మూట ఉంది.