ఎడమ చక్రం దగ్గర చప్పుడు

మేస్త్రి తన కార్ల రిపేరు షెడ్డు మూసెయ్యడానికి కారణం ఒక రకంగా డాక్టరమ్మే. ఆమె ఇంటింటికీ వెళ్ళి కీళ్ళు పట్టేసినవాళ్ళచేత, కాలో చెయ్యో స్వాధీనం తప్పినవాళ్ళచేత వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు. రోజుకు ఆరేడు ఇళ్ళు తిరగాలి. కారు మూలన పడితే ఆమె పనీ మూలన పడ్డట్టే. ఆ కారును పదకొండేళ్ళుగా మేస్త్రి చూసుకుంటున్నాడు. మేస్త్రి కుడి మోకాలిని ఏడాదిగా ఆమె చూసుకుంటోంది. కారు ఆయన మాట విన్నంత బుద్ధిగా మోకాలు ఈమె మాట వినలేదు.

ఇక గొంతుకూర్చోవడం, కారు కింద దూరడం పూర్తిగా కట్టిపెట్టాలని ఆమె ఖరాఖండిగా చెప్పిన రోజున ఆయన మోకాలిని ఓసారి తడిమి చూసుకున్నాడు.

"సరేలే అమ్మాయ్, మూసేస్తాను," అన్నాడు. "కానీ నీ కారును ఎవడికి పడితే వాడికి అప్పగించను. నమ్మకమైన మనిషిని నేనే వెతికి పెడతాను."

ఆయన భార్య వంటింట్లోంచే నవ్వింది. కన్నకూతురికి సంబంధం చూసినప్పుడు కూడా ఈ మనిషి ఇంత పట్టించుకోలేదని, అబ్బాయికి డ్రైవింగ్ వచ్చునా అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నాడని డాక్టరమ్మ చెవిన వేసింది.

అప్పటికి పదిహేను రోజులుగా కారు ముందు భాగంలో ఎడమవైపు నుంచి చప్పుడొస్తోంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా టక్కుమంటోంది. అది చక్రం దగ్గరుండే లింకు రాడ్డు అరిగిన చప్పుడని, ప్రమాదమేమీ లేదని మేస్త్రి వినగానే చెప్పేశాడు. చెప్పాడే గానీ బాగు చెయ్యలేదు. అదే మన ప్రశ్నపత్రం, సరైన జవాబు రాసినవాళ్ళకే కారు అన్నాడు. డాక్టరమ్మ నవ్వుకుని, ప్రతి శనివారం మధ్యాహ్నం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరేది.

మొదట వెళ్ళింది అద్దాల తలుపుల సర్వీసు సెంటరుకి. కౌంటరులో అమ్మాయి పొందికగా మాట్లాడింది. తాళాలు ఇచ్చి వెళితే చాలని, సాయంత్రానికి మెసేజ్ వస్తుందని చెప్పింది. మేస్త్రి అడిగింది ఒకటే, కారు మీద చెయ్యి వేసే మనిషిని ఒకసారి చూడొచ్చా అని. లోపలికి ఎవరినీ రానివ్వమని, అంతా తమ టీము చూసుకుంటుందని ఆ అమ్మాయి అంది. మేస్త్రి వెనక్కి తిరిగి నడిచాడు.

"టీము అంటే రేపు ఏదైనా తేడా వస్తే ఎవరూ లేరని," అన్నాడు కారెక్కుతూ.

రెండోచోట ఉన్నవాడు మాటకారి. కారు నడిపి చూడకుండానే, బానెట్ ఎత్తకుండానే స్టీరింగ్ మొత్తం మార్చాలని తేల్చేశాడు. ఒక్కసారి నడిపి చూడమని డాక్టరమ్మ అంటే, తన అనుభవానికి అదంతా అక్కర్లేదన్నాడు. చప్పుడు ఏ వైపు నుంచి వస్తోంది నాయనా అని మేస్త్రి మెత్తగా అడిగాడు. కుడివైపు అన్నాడతను తడుముకోకుండా. ఇంటికి చేరేదాకా మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత చూసిన ముగ్గురిలో ఎవరూ ఆయన కంటికి ఆనలేదు. ఒకడు విప్పిన బోల్టుల్ని నేల మీద చిందరవందరగా పారేస్తున్నాడన్నాడు. ఇంకొకడు మార్చిన పాత సామాను తిరిగి చూపించడట. మూడోవాడిలో ఏ వంకా దొరక్క, మరీ పెందలాడే షెడ్డు కట్టేస్తాడని పెదవి విరిచాడు. ఈయనకు నచ్చే మెకానిక్కు ఈ భూమ్మీద పుట్టలేదేమోనని డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. కారును వదులుకోవడానికే ఆయనకు మనసొప్పడం లేదని అర్థమై, ఆ మాట పైకి అనలేకపోయింది.

చివరికి ఆమె దగ్గర భుజానికి వైద్యం చేయించుకుంటున్న రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన పానా అక్క గురించి చెప్పాడు. ఇంటి వెనకాల రెండు కార్లు పట్టేంత షెడ్డులో ఆవిడ ఒక్కతే పని చేస్తుందట. చేతిలో ఎప్పుడూ బోల్టులు బిగించే పానా ఉంటుంది కాబట్టి అసలు పేరు అందరూ మర్చిపోయారట.

పానా అక్కకు నలభై అయిదేళ్ళుంటాయి. ఆ శనివారం వీళ్ళు వెళితే, సమస్యేమిటో విని తనే స్టీరింగ్ పట్టుకుంది. డాక్టరమ్మను పక్కన, మేస్త్రిని వెనక కూర్చోబెట్టుకుని, అద్దాలు దించి వీధిలో రెండుసార్లు తిప్పింది. స్పీడ్ బ్రేకర్ మీద నత్తలా ఎక్కించి దించింది. విప్పి చూడకుండా చెప్పలేనంది. వెనక సీట్లో మేస్త్రి మొదటిసారి సర్దుకుని కూర్చున్నాడు.

జాకీ వేసి, చక్రం విప్పి, టార్చి పట్టుకుని ఆవిడ తీరిగ్గా చూసింది. మేస్త్రి లింకు రాడ్డు అనే మాట కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"లింకు రాడ్డు గట్టిగానే ఉంది. షాక్ అబ్జార్బర్ కింది బోల్టు వదులైంది," అంది అక్క. "రోడ్లు అలా ఉన్నాయి. వదులవుతుంటాయి."

మేస్త్రి ముఖం చిట్లించాడు. ఆ షాక్ అబ్జార్బర్ తను స్వయంగా రెండు నెలల క్రితం వేసింది, వదులయ్యే ప్రసక్తే లేదన్నాడు. వంగి చూడబోయాడు గానీ మోకాలు సహకరించలేదు. డాక్టరమ్మ ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, టార్చి తీసుకుని తనే వంగి చూసింది.

"రెండు బోల్టులున్నాయి బాబాయ్. పైదాని మీద పసుపు రంగు చుక్క ఉంది. కిందిదాని మీద లేదు."

మేస్త్రి చెయ్యి మోకాలి మీదికి వెళ్ళింది. బోల్టు బిగించడం పూర్తయ్యాక దాని మీద పసుపు రంగు చుక్క పెట్టడం ఆయనకు నలభై ఏళ్ళ అలవాటు. చుక్క లేదంటే బిగించలేదనే. షాక్ అబ్జార్బర్ వేసిన ఆ రోజు మోకాలు పట్టేస్తే గోడ పట్టుకుని లేచి, కాసేపాగి బిగిద్దామనుకుని, మర్చిపోయి చక్రం ఎక్కించేశాడు.

"తప్పు రోడ్లది కాదమ్మాయ్, నాది," అన్నాడు. "చేత్తో తిప్పి వదిలేశాను. దాని మీద పానా పడలేదు."

ఈ రెండు నెలల్లో తను ఎన్ని వంతెనలు, ఎంత వేగంతో దాటిందో డాక్టరమ్మ తలుచుకుంది. కోపం తెచ్చుకోబోయింది. తల వంచుకుని మోకాలు రాసుకుంటున్న ఆ మనిషిని చూశాక రాలేదు. వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. అక్క ఎవరి వంకా చూడకుండా బోల్టు బిగించింది. తిరిగి వెళ్ళేటప్పుడు స్పీడ్ బ్రేకర్ మీద చప్పుడు లేదు.

దారిలో మేస్త్రి కొత్త వంక పట్టుకున్నాడు. ఆవిడ పనిలో లోపం లేదు, మాటలోనే ఉంది. చుక్క లేని సంగతి ఆవిడకు కనబడే ఉంటుంది. అయినా తప్పును రోడ్ల మీదికి నెట్టేసింది.

"నా పరువు కోసం నీకు అబద్ధం చెప్పింది. రేపు తన పరువు కోసం చెప్పదని ఏమిటి నమ్మకం?"

అది కొట్టిపారేసే మాట కాదని డాక్టరమ్మకు తెలుసు.

"నడిపేది నేను బాబాయ్. ఆ సంగతేదో తననే అడుగుతాను," అంది.

మర్నాడు ఒక్కతే వెళ్ళి మొహమాటం లేకుండా అడిగింది. అక్క చేతులు తుడుచుకుంటూ, పెద్దాయన ఎదురుగా ఉంటే నోరు రాలేదని, తర్వాత పక్కకు పిలిచి చెబుదామనుకుంటే ఈలోగా ఆయనే చెప్పేశారని అంది.

"మా బాబాయ్ పొరపాటైనా, మీదైనా సరే. నా కారుకు ఏమైందో ముందు నాకు చెప్పాలి," అంది డాక్టరమ్మ.

"చెప్తాను," అంది అక్క.

అంతే. ఒట్లూ లేవు, హామీలూ లేవు. ఆ పొడి మాటే డాక్టరమ్మకు నచ్చింది. కారు ఇక ఇక్కడికేనని వచ్చి చెబితే మేస్త్రి సరేనన్నాడు గానీ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మరుసటి వారం షెడ్డు మూసేశాడు.

ఆ తర్వాత పానా అక్కే ఆయన్ని వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. పాత ఇంజన్ల చప్పుడు తనకు అంతగా పట్టుబడలేదని, వారానికి రెండు పొద్దుటి పూటలు వచ్చి కూర్చుంటే నేర్చుకుంటానని అడిగింది. ఆలోచించి చెబుతానని మేస్త్రి బెట్టు చేశాడు. అక్క గేటు దాటకముందే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. డాక్టరమ్మ సరేనంది గానీ, ఎత్తు స్టూలు మీదే కూర్చోవాలని, అరగంటకోసారి లేచి నడవాలని షరతు పెట్టింది.

మూడు నెలలకు సర్వీసింగుకి ఇచ్చిన కారు తెచ్చుకోవడానికి డాక్టరమ్మ వెళ్ళింది. అక్క ఆమెను చూడగానే కారు దగ్గరికి పిలిచి, అరచేతిలో విరిగిన ప్లాస్టిక్ క్లిప్పు చూపించింది.

"ఇది నా చేతిలో విరిగింది. కొత్తది వేశాను. డాష్‌బోర్డు కింద ఏదైనా గలగలమంటే ఇదే అనుకోండి."

డాక్టరమ్మ వంగి ఆ చోటు చూసి తలూపింది. స్టూలు మీద మేస్త్రి గోడ గడియారం వంక చూడకుండా తప్పించుకుంటున్నాడు. అరగంట ఎప్పుడో దాటిందని ఆమె గుర్తు చేస్తే గొణుక్కుంటూ లేచి, అక్క భుజం ఆసరా తీసుకుని కాలు చాపాడు.

"చూశావా అమ్మాయ్," అన్నాడు, "ఎంత తిరిగితే దొరికిందో నాకీ మనిషి."

బస్సు డ్రైవరు సంగతి డాక్టరమ్మ ఎత్తలేదు. ఇంకో నాలుగడుగులు వెయ్యమని మాత్రం చెప్పింది.