హావ్ అనేదాకా

మా యాడికి, అంటే మా అమ్మ జమునాబాయికి, వీసా సమయానికి రాలేదు. బ్రెజిల్‌లో జరిగే వాతావరణ చర్చల్లో గిరిజనుల తరఫున రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. వీడియోలోనైనా మాట్లాడి తీరతానంది. బొంతపల్లి దగ్గర మా తండాలో సిగ్నల్ అందదు. అందుకని పటాన్‌చెరులో ఖదీర్ సెల్‌ఫోన్ల దుకాణం పైగదిలో, లారీల మోత మధ్య ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఆమె మాటలను ఇంగ్లీషులో చెప్పే పని నాది. నాకేమో ఓపిక తక్కువ.

యాడితో చిక్కు ఒకటే. మా తండా పంచాయతీలో ఎవరైనా ఒక మాట చెప్పి ఆగుతారు. కూర్చున్నవాళ్లు ‘హావ్’, అంటే అవును, అంటేనే రెండో మాట. హావ్ అన్నవాడు రేపు వినలేదని తప్పించుకోలేడు. నిరుడు తండా పక్క ఫ్యాక్టరీని పెంచుతామని సభ పెట్టినప్పుడు మావాళ్లు గొంతు చించుకున్నారు. ఆఫీసరు ఫోన్ చూసుకుంటూ కూర్చుని, ఆనక ఎవరూ అభ్యంతరం చెప్పలేదన్నాడు. అప్పట్నుంచి యాడి హావ్ వినకుండా ముందుకు కదలదు.

“గక్కడ ఎవ్వరూ హావ్ అనరు. ఆగకుండ చెప్పెయ్ యాడీ, టైం అయిపోతది.”

“వినెటోళ్లు లేని కాడ రెండు నిమిషాలైతేంది, రెండు గంటలైతేంది?”

మా వంతు వచ్చింది.

“వానలు గతి తప్పినయ్. ఉన్న ఒక్క వాగు నీళ్లు గొడ్లు గూడ ముడ్తలేవు,” అని యాడి ఆగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. తెరమీది పెద్ద హాలులో ఉలుకూ పలుకూ లేదు. సమయం కరిగిపోతోంది. పాపం, ఖదీర్ కంగారు పడ్డాడు.

“హావ్,” అన్నాడు.

“నువ్వు గాదు తమ్మీ, వాళ్లు అనాలె.”

సభ నడిపే ఆమె దయచేసి కొనసాగించమంది. నాకు ఒళ్లు మండింది. కొనసాగించడానికి ముందు విన్నారో లేదో చెప్పాలని, మా తండా పద్ధతి ఏమిటో ఆమెకు వివరించాను. వెనక వరుసలో అమెజాన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి, “హావ్” అన్నాడు. ఆయన పక్కవాళ్లూ అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

యాడి మాత్రం సభ నడిపే ఆమెనే చూస్తూ రెండో మాట చెప్పింది.

“మా అడవి మీద, మా వాగు మీద మేం లేకుండ తీర్పు చెయ్యొద్దు.”

సమయం అయిపోయిందని ఎర్ర దీపం వెలిగింది. మైకు ఆపే మీట మీద సభ నడిపే ఆమె వేలు ఉంది. కాసేపు అలాగే ఉంచి, తీసేసింది.

“హావ్,” అంది.

యాడి కొంగు సర్దుకుని లేచింది.

“ఇగ రేపు వినలేదనుమను, సూద్దాం.”