మగాడొస్తే పోయే అక్షరం

దోహాలోని ఒక ఫ్రెంచ్ కంపెనీలో ప్రతిమ, మనీషా, అరుంధతి ఇంజనీర్లు. అల్ షహానియా ఎడారి ఎండలో వారం పాటు నిలబడి పైపులైను సర్వే పూర్తి చేశారు. మేనేజర్ మధుసూదన్ గారూ వచ్చారు, ఆఖరి రోజు, సరిగ్గా బిర్యానీ వేళకి. ఏసీ కారు దిగకుండానే తిని వెళ్ళారు.

రిపోర్టు ప్రతిమ ఫ్రెంచిలో రాసి, పైన నలుగురి పేర్లూ పెట్టింది. "మేము వెళ్ళాం" అన్నచోట, వెళ్ళింది ఆడవాళ్ళని తెలిసేలా క్రియకి ఒక 'e' అక్షరం చేర్చింది. అది పైకి పలకదు, రాతలోనే కనిపిస్తుంది. మధుసూదన్ గారికి కనిపించనే కనిపించింది.

"ఆ అక్షరం తీసెయ్యమ్మా. వందమంది ఆడవాళ్ళలో ఒక్క మగాడున్నా ఫ్రెంచిలో అందరూ మగవాళ్ళ కిందే లెక్క. నేనూ వచ్చాను కదా!"

"నిజమే సార్. మీ పేరు, ఆ అక్షరం రెండూ ఉంటే తప్పే. ఇప్పుడే సరిచేస్తాను," అంది ప్రతిమ వినయంగా.

సరిచేసి పంపింది. మధ్యాహ్నానికి డైరెక్టర్ నుంచి జవాబొచ్చింది: వ్యాకరణంలో ఒక్క తప్పూ లేదట, ముగ్గురికీ అభినందనలట.

మధుసూదన్ గారు పరుగున వచ్చారు. "ముగ్గురేంటి? నా పేరేది?"

"రెండూ కలిసి ఉండకూడదన్నారుగా సార్. అక్షరం ఉంచి, పేరు తీసేశాను."

పక్క సీట్లో మనీషాకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.